చెప్పుల వరస చూసి కొన్న షేర్లు

ఒకప్పుడు సరస్వతమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది తెల్లవారుజామున నాలుగున్నరకు. భర్త చెన్నకేశవులు టీ తాగి మొక్కజొన్న చేనికి వెళ్లేవాడు. ఆయన చనిపోయి ఎనిమిది నెలలు. ఇప్పుడు పొయ్యి వెలిగేది తొమ్మిదింబావుకు. షేర్ల బజారు తెరిచే వేళ అది. మరిది శ్రీకాంత్ ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు. దొరగారికి టీ కావాలి.

ఆ ఫోనును చూసే తీరు చూడాలి! కన్నతల్లి జ్వరమొచ్చిన బిడ్డను కూడా అన్నిసార్లు తడిమి చూడదు.

శ్రీకాంత్ చేయని వ్యాపారం లేదు, మిగిల్చింది లేదు. బేస్తవారిపేటలో సెల్ రీచార్జి దుకాణం పెట్టాడు. జనం ఎవరి ఫోన్లో వాళ్లే రీచార్జి చేసుకోవడం నేర్చిన ఏడాదే పెట్టాడు. తర్వాత గిద్దలూరులో నాటుకోళ్లు పెంచాడు. తెగులొచ్చి పోయాయన్నాడు గానీ, తెగులు కన్నా ముందు స్నేహితులే సగం తినేశారు. ఇన్ని చేసినా చొక్కా మడత మాత్రం ఏనాడూ నలగలేదు.

అన్న పోయిన నెలకు ఒక ఎరువుల కంపెనీ షేరు వారం రోజుల్లో సగానికి పడింది. శ్రీకాంత్ కళ్లు మెరిశాయి. గుడ్డిగా కొన్నాడంటే పాపం, పరిశోధన కూడా చేశాడు. చేనికి రెండు బస్తాల యూరియా తెమ్మని వదిన పంపితే సొసైటీకి వెళ్లాడు. అక్కడ ఎండలో నిలబడలేక రైతులు చెప్పులు వరసలో విడిచి నీడన కూర్చుంటారు. ఎవరి చెప్పులు ఎక్కడుంటే వాళ్ల వంతు అక్కడ. ఆ రోజు గేటు నుంచి రోడ్డు దాకా చెప్పులే. బస్తాలు తేలేదు, ఫోటో తెచ్చాడు.

“చూడు వదినా, ఎంత గిరాకీనో! ఎరువు లేకుండా పైరుంటదా? ఇట్లాంటి కంపెనీ సగం ధరకు దొరికె.”

ఆమె కళ్ల నీళ్లలో ఆ ఫోటో సరిగా ఆనలేదు. అతను అన్న ఎడ్లను అమ్మి షేర్లు కొన్నాడు. ఏడ్చే ఇంట్లో ఎడ్లు ఎవరివని ఎవరడుగుతారు?

ఆ షేరు మళ్లీ పడింది. మొన్న శ్రీకాంత్ డిపాజిట్ డబ్బు తీసే బ్యాంకు కాగితం పట్టుకొచ్చాడు. అది సరస్వతమ్మ పేరున ఉన్న చెన్నకేశవులు బీమా డబ్బు. మార్కాపురంలో కూతురు లక్ష్మీప్రియ నర్సింగు చదువుకు అదొక్కటే ఆధారం.

“సంతకం పెట్టు వదినా. ఇంకా కిందికొచ్చింది గదా, ఇప్పుడు ఇంకొన్ని కొంటే మనం కొన్న రేటు సగటు దిగుతది. లేచిందంటే మన పంట పండినట్టే.”

సరస్వతమ్మ ఐదో తరగతి దాటలేదు. ఈ ఎనిమిది నెలల్లో ఆమె నోట వరసగా నాలుగు మాటలు విన్నవాళ్లు లేరు. కాగితం పక్కన పెట్టి, ఆ ఫోటో మళ్లీ చూపమంది.

“నాయనా, యూరియా బస్తా రేటేమన్నా పెరిగిందా?”

“యాడ పెరుగుతది? గవర్నమెంటు రేటు గదా.”

“ఆ పొద్దు లారీ వచ్చిందా?”

“రాలేదులే. స్టాకు లేదన్నారు.”

“అంటే సరుకు పంపలేని కంపెనీని కొన్నావు. దుకాణంలో బియ్యం లేక జనం బయట నిలబడుకుంటే, అది దుకాణమాయనకు లాభమా?”

శ్రీకాంత్ నవ్వబోయాడు. “నీకు మార్కెట్ తెలీదులే వదినా.”

“తెలీదు. ఈ చెప్పులు తెలుసు.”

ఆమె వేలు ఫోటోలో మూడో జత మీద ఆగింది. ఎడమ చెప్పు పట్టీకి నీలం దారం కుట్టు. ఆ కుట్టు ఆమె వేసిందే. ఏడు నెలలుగా తలుపు మూలన వెతుక్కుంటున్న భర్త చెప్పులవి. తన కొత్త బూట్లు మట్టిలో విడవలేక, మరిది చచ్చిపోయిన అన్నను వరసలో నిలబెట్టాడు!

“యాడున్నాయివి?”

“ఆడ్నే వదిలేసి వచ్చినా… పాతవే గదా వదినా. కొత్తవి కొనిస్తాలే.”

“ఎవరి కాళ్లకు?”

శ్రీకాంత్ ఫోను చూసుకున్నాడు. సంతకం లేని కాగితాన్ని ఆమె మడిచి అతని చొక్కా జేబులో పెట్టింది. మడత నలిగింది.

మరునాడు పొయ్యి నాలుగున్నరకు వెలిగింది. సరస్వతమ్మ తన టీ తను తాగి చేనికి వెళ్లి, ఎండ ఎక్కేసరికి తిరిగొచ్చి కందులు చేటలో పోసుకుని కూర్చుంది. తొమ్మిదింబావుకు అరుగు మీద నుంచి “వదినా, టీ!” అని కేక వినిపించింది. కాసేపటికి ఇంకోసారి.

పాలు గిన్నెలో ఉన్నాయి. టీపొడి డబ్బాలో ఉంది. ఆమె కందుల్లో రాళ్లు ఏరుతూనే ఉంది.