గాలి మూతికి కట్టిన పసుపు గుడ్డ

మొన్న మా మనవడు వేలూరు నుంచి మోటార్‌సైకిల్ మీద వచ్చి వాకిట్లో ఆగాడు. బండి కొత్తదే, పొగగొట్టం మాత్రం అప్పుడే కమిలి నీలంగా తిరిగింది. ఏమిరా ఇది అంటే, "గాలి ఫిల్టర్ పీకేసినా అవ్వా, బాగా గుంజుతాదని. గాలి ఎక్కువైపోయె, దానికి తగిన పెట్రోలు చాలకపోయె. అందుకే గొట్టం ఇట్లా కాల్తా ఉండాది" అన్నాడు, అదేదో ఘనకార్యమైనట్టు. నాకు నవ్వు రాలేదు. ఇంజనుకు గాలి ఎక్కువైతే ఏమవుతుందో వాడికి తెలిసింది. తక్కువైతే ఏమవుతుందో నాకు తెలుసు. నా కాపురం మొదలయింది ఆ మంటలోనే.

నాకు పెళ్ళయింది మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయిన ఏడాది. పుట్టిల్లు పలమనేరు పక్క, అత్తిల్లు గుడియాత్తం నుంచి లత్తేరి పోయే దారిలో. నేను మెట్టెలు తొడుక్కుని ఇటు వచ్చాను, మా పుట్టింటి ఊరు జిల్లాతో సహా ఆంధ్రవైపు పోయింది, అత్తిల్లు అరవ పక్కనే నిలిచింది. "మీవాళ్ళు రాష్ట్రాన్నే ఎత్తుకోని పోయినారు కదమ్మా, నువ్వు మా ఇంటికి ఏం తెచ్చినావు?" అని మా అత్త ఎగతాళి చేసేది. మొదట్లో నేనూ నవ్వేదాన్ని.

ఇప్పుడంటే మోర్ధానా డ్యాము ఉంది. అప్పుడు మా పొలానికి బావే గతి. బావి మీద మామ ఆయిల్ ఇంజను పెట్టించారు, ఆ చుట్టుపక్కల అదే మొదటిది. అత్తకు దాని మీదున్న ప్రేమ కన్నకొడుకు మీద కూడా లేదు. ఆయుధపూజనాడు దానికి గంధం, కుంకుమ పెట్టి, గాలి పీల్చుకునే మూతికి పసుపులో ముంచిన కొత్త గుడ్డ కట్టేది. గుడియాత్తం మగ్గం మీది నుంచి అప్పుడే దిగిన లుంగీ గుడ్డ, చిక్కటి నేత. దుమ్ము దూరదు, దిష్టి తగలదు అని ఆమె నమ్మకం. పూజలో కట్టింది విప్పకూడదు కదా, అందుకని ఏటేటా పాతదాని మీదే కొత్తది కట్టడం. ఆ ఏడు నన్ను పిలిచి, "కొత్త కోడలి చెయ్యి, నువ్వే కట్టమ్మా, కలిసొస్తాది" అంది. నేను పొంగిపోయాను. మూడు ముళ్ళు వేసి గట్టిగా కట్టాను.

కొన్నాళ్ళకే ఇంజను ఆయాసపడసాగింది. గొట్టంలోంచి నల్లటి పొగ, కాలవలో సన్నటి నీళ్ళు. బలం తగ్గిందని మా ఆయన డీజిల్ నూనె వదిలే స్క్రూ ఇంకాస్త తిప్పారు. నూనె పెరిగేకొద్దీ పొగా పెరిగింది. గొట్టం మొదలు కమ్మరి కొలిమిలో ఇనుములా పట్టపగలే ఎర్రగా కనబడేది. వరి సరిగ్గా పొట్ట మీదున్నప్పుడు పొగ బయటికి పోయే వాల్వు మాడిపోయి ఇంజను ఆగిపోయింది. "ఇది కాలు పెట్టిన వేళ అది! రాష్ట్రం ఆపక్క పోయె, మా నీళ్ళు పాతాళానికి పోయె" అంది అత్త, నన్ను ఎదురుగా పెట్టుకునే పక్కింటావిడతో. ఆ పూట నుంచి నన్ను బావి వైపు పోనివ్వలేదు. తాగే నీళ్ళు కూడా నా చేత తెప్పించలేదు.

వేలూరు నుంచి ఫిట్టరు వచ్చేసరికి పైరు ఎండి, గింజ పట్టాల్సిన వెన్నులన్నీ తాలు పోయాయి. అతను వాల్వు మార్చి, స్క్రూ వెనక్కు తిప్పి, గుడ్డల ఉండ తెచ్చి వాకిట్లో పడేశాడు. "ఎన్నమ్మా ఇది? ఊపిరాడకుండా మూతికి గుడ్డలు చుట్టి, తిండి మటుకు కుక్కి పెడితే ఎట్లా? గాలి లేక లోపల కాలని నూనె యాడికి పోతాది? గొట్టంలో పడి కాలతాది!" అన్నాడు.

వంటింట్లో ఉన్న నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. హమ్మయ్య, తప్పు నా కాలిది కాదని అందరికీ తెలిసింది, ఇక ఆ మాట వెనక్కు తీసుకుంటారు అనుకున్నాను. వెర్రిదాన్ని!

అత్త ఆ ఉండను కాలితో దొర్లించి చూసింది. "అన్నిటికీ పైది ఎవరు కట్టింది? ఇది కట్టిందే కదా! ఇన్నేండ్లు నేను కట్టినా నిలిచిపోయిందా ఇంజను? దీని చెయ్యి పడినాకే కదా నిలిచిపోయె!"

మా ఆయన అన్నం తింటున్నారు. స్క్రూ తిప్పిన మనిషి, అంతా విన్న మనిషి. ఒక్క మాట, "అది నువ్వు కట్టించిందే కదమ్మా" అంటే చాలు, జీవితమంతా ఆయన కాళ్ళు కడిగి ఉండేదాన్ని. ఆయన తల ఎత్తకుండా మజ్జిగ అడిగారు. పోశాను.

ఆ తర్వాత ఏ ఆయుధపూజకూ నన్ను గడప దాటనివ్వలేదు. అత్త పోయింది, ఇంజను పాత ఇనుము కింద పోయింది, ఆయనా పోయారు. దేవుడులాంటి మనిషి అని ఊరంతా అంది. నేనూ తలూపాను.

"చల్లారనీ అవ్వా, ఫిల్టర్ మళ్ళా తగిలిస్తా" అంటున్నాడు మనవడు, గొట్టానికి చెయ్యి తగలకుండా పక్కన చతికిలబడి. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. మా బావి మీది గొట్టం ఆ పూటే చల్లారింది. నా కడుపులో మంట మాత్రం ఇన్నేళ్ళయినా చల్లారలేదు.