బాగైనంక చెడగొట్టే మేడం

తొంభైల ఆఖర్ల, కరీంనగర్‌ల నేను పెండ్లి పత్రికలు కంపోజ్ చేసే ప్రెస్సుకు కంప్యూటర్లు చూడనీకి ఒకామె వచ్చేది. అందరం మేడం అనేటోళ్లం. ఏదన్న బాగైతే ఎవరన్న సంబురపడతరు. ఆమె మాత్రం దాన్ని మళ్ల చెడగొట్టేది.

ఓ పెండ్లిళ్ల సీజన్ల, మా ఫైళ్లన్నీ ఉండే సర్వర్‌కు కొత్త కెర్నల్, అంటే దాన్ని లోపట నడిపించే అసలు ప్రోగ్రాం, ఎక్కించినం. తెల్లారి నా మిషన్ మీద ఆ ఫైళ్లు తెరుచుకుంటున్నయి గని, దిద్దితే సేవ్ అయితలేవు. పర్మిషన్ లేదంటుంది. మంథని నుంచి వచ్చిన పెండ్లిపిల్ల బాపు, ముహూర్తం తప్పు పడ్డ పత్రిక పట్టుకొని నా ఎదురుగనే కూసున్నడు. ఆయన బస్సు టైం అయితుంది.

మేడం రెండు మిషన్లు చూసింది. "పాత కెర్నల్ మనిషిని పేరు చూసి గుర్తువట్టేది తమ్మీ. కొత్తది, మిషన్ల ఒక్కొక్కలకు ఇచ్చిన నంబరే చూస్తుంది. నీ నంబరు ఈడ ఒకటున్నది, సర్వర్‌ల ఇంకోటున్నది" అని, రెండు ఒకటి చేసింది. ముహూర్తం దిద్దిన, సేవ్ అయింది. పెద్దమనిషి సంచి పట్టుకొని లేచిండు.

ఆమె మళ్ల పాత నంబరే పెట్టింది. సేవ్ కాలే. నాకు ఒళ్లు మండింది. ఇంకోసారి సరిచేసినంకనే ప్రింటు తియ్యనిచ్చింది.

"అయినదాన్ని ఎందుకు చెడగొట్టినవ్ బిడ్డా?" అని ఆ పెద్దమనిషే అడిగిండు.

"నేను చేస్తేనే బాగైందా, దానంతట అదే బాగైందా అని చూసుకున్న కాకా."

ఆయన నవ్వుకుంట బస్సుకు ఉరికిండు.

ఆ తర్వాత నేను శానా మిషన్లు బాగుచేసిన. అండ్ల ఎన్ని నేను బాగుచేసినయో, ఎన్ని వాటంతట అవే బాగైనయో నాకు ఇప్పటికీ తెల్వది.