మూడు ఆషాఢాల ముందుమాట

పోయిన వారం పోస్టులో నాకొక లావు పుస్తకం వచ్చింది. అట్ట మీద మా జిల్లా కవులకు పెద్దదిక్కయిన కుప్పం పెద్దాయన ఫొటో, చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ. ఆయన ఇన్నేళ్ళూ ఊరివాళ్ళ కవితల పుస్తకాలకు రాసిన ముందుమాటలన్నీ ఏరి, కూర్చి, తన పేరు మీద వేసుకున్న సంపుటం అది. ఆ ముందుమాటల పుస్తకానికి మళ్ళీ వేరేవాళ్ళ ముందుమాటలు మూడు. నవ్వుకుంటూ విషయసూచిక చూస్తున్నానా, నడిమధ్యలో మా బావ పేరు కనిపించింది. నా నవ్వు ఆడనే ఆగిపోయింది. ఎందుకంటే మా బావ పుస్తకం ఇంతవరకూ అచ్చే కాలేదు. కాకపోవడానికి కారణం ఈ ముందుమాట రాకపోవడమే. లేని పుస్తకానికి ముందుమాట మాత్రం నున్నటి కాగితం మీద ఆరు పేజీలు నిగనిగలాడుతూ ఉంది.

మా బావ అంటే మా అక్క మొగుడు. పుంగనూరు పక్క పల్లెలో నాలుగు ఆవులు పెట్టుకుని, పాలు పోసి బతికే మనిషి. పొద్దున్నే పాలకేంద్రం ముందు క్యాను పెట్టుకుని వరసలో నిలబడి మనసులో కవిత కట్టుకుంటాడు, ఇంటికొచ్చి రాసుకుంటాడు. నేను బడిలో చదివింది అయిదో తరగతి. మిగిలిన చదువంతా మదనపల్లె టమోటా మండీలో గుమాస్తాగా కూర్చుని, ఒక వేలంపాటకూ ఇంకో పాటకూ మధ్య దొరికిన పుస్తకమల్లా చదువుకున్నదే. అందుకేనేమో బావ ఏది రాసినా ముందు నాకే వినిపించేవాడు. సంతలో ఆవును అమ్మి వచ్చిన సాయంత్రం రాసింది నాకు ఇప్పటికీ నోటికి వచ్చు:

సంతకు తోలుకుపోయిన ఆవు
నాకంటే ముందే ఇల్లు చేరింది
అమ్ముకున్నోడిని నేను
దారి మరిచిందీ నేనే

ఇట్లాంటివి పుస్తకమయ్యేన్ని పోగైనప్పుడు అచ్చు వేయిద్దామనుకున్నాం. మా దిక్కు కవిత్వానికి వేరే ప్రెస్సులు ఉండవు. మదనపల్లెలో పెళ్ళిపత్రికలు కొట్టే ప్రెస్సులోనే కవితలూ అచ్చవుతాయి. ముహూర్తాలున్నన్నాళ్ళూ ఆ మిషను కవి మొహం చూడదు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఆగిపోతే ప్రెస్సు ఖాళీ. అప్పుడు ప్రెస్సాయన ఫోన్ చేసి, "అన్నా, శూన్యమాసం వచ్చింది. కవులను రమ్మను" అంటాడు. జిల్లాలో సగం కవిత్వం ఆషాఢంలోనే పుట్టింది. పంచే పని కూడా కవిదే. సంచిలో వేసుకుని బస్సెక్కి ఊరూరా తిరిగి ఊరికే ఇవ్వాలి. తీసుకున్నవాడు "చదివి చెప్తాను" అంటాడు. ఆ చెప్పినవాడిని నేనింతవరకూ చూడలేదు. అయినా కవులు రాస్తారు. అది వేరే సంగతి.

బావకు తొందర ఉంది. కళ్ళకు నీటికాసుల జబ్బు వచ్చి ఆయన చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తోంది. పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. బావ కోరిందల్లా ఒకటే: తన పుస్తకాన్ని, తన కళ్ళతో, ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా చదువుకోవాలి. అయితే పెద్దాయన ముందుమాట లేకుండా వద్దన్నాడు. "ఆవును కొనాలన్నా తెలిసినోడికి సూపించి కదప్పా కొంటాము? ఆయన సూసి బాగుండాదంటే నాకు ధైర్యం" అన్నాడు. నెయ్యి డబ్బా పట్టుకుని ఇద్దరం కుప్పం పోయాం. పెద్దాయన బావ కవితల నకలు కట్ట తీసుకుని, నెయ్యి వాసన చూసి, "కవిత్వం తొందరపడకూడదు నాయనా" అన్నాడు. ఆ ఆషాఢం వెళ్ళిపోయింది. తరువాతి ఆషాఢానికి ఇంకో డబ్బా నెయ్యి. "మెరుగు పెడుతున్నాను" అన్నాడు. మూడోసారి బావ చెయ్యి నేను పట్టుకుని బస్సు ఎక్కించాల్సి వచ్చింది. ఆ రోజు పెద్దాయన ఊర్లో లేడు. ఎక్కడో సన్మానమట.

ఇంటికొస్తే మా అక్క ఊరుకుంటుందా? "మా ఎర్రావు రెండు ఈతలు ఈనింది రా. మీ పుస్తకం యాడికి పోయింది, ఇంకా కడుపులోనే ఉండాదా?" అనేది. "ఆ కుప్పమాయప్పకు పోసిన నెయ్యి ఈయప్పకు పోసింటే కండ్లన్నా బాగుండు" అనేది. బావ మాత్రం, "పెద్దోళ్ళను అట్లనగూడదే" అని ఆవు వీపు నిమురుతూ ఉండేవాడు.

నాకు ఒళ్ళు మండుతుంది. మండీలో టమోటా బాక్సుకు పై వరస మంచికాయ పేర్చడం రైతుకూ తెలుసు, వ్యాపారికీ తెలుసు. పై వరస చూసి పాట పాడే వెర్రివాడు మా యార్డులో ఒక్కడూ లేడు, చెయ్యి అడుక్కి పెట్టి కాయ తీసి చూస్తాడు. కవిత్వానికి వచ్చేసరికి పై వరసే సరుకైపోయింది. సమీక్ష రాసేవాడు ముందుమాట చదివి రాస్తాడు. సభలో మాట్లాడేవాడు ముందుమాట చూసి మాట్లాడతాడు. ఎండలో క్యాను మోసినవాడి మాటకు విలువ రావాలంటే ఫ్యాను కింద కూర్చున్నవాడు తల ఊపాలి. ఎవరు పెట్టారయ్యా ఈ చెక్‌పోస్టు? మా బావలాంటివాళ్ళు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడబట్టే కదా అది అట్లా నిలిచింది!

పోస్టులో వచ్చిన పుస్తకంలో ఆ ముందుమాట కింద వేసిన తేదీ చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు. అది మేము మొదటి డబ్బా ఇచ్చి వచ్చిన నెలది. కుప్పానికి ఫోన్ చేశాను.

"పంపలేదా? పంపాననే అనుకున్నానే" అన్నాడు పెద్దాయన, ఏ తొణుకూ బెణుకూ లేకుండా. "అయినా ఇప్పుడు పుస్తకంలో వచ్చేసింది కదా నాయనా. మీ బావకు మంచి పేరు వస్తుంది."

"ఆయనకిప్పుడు కండ్లు లేవు సామీ" అన్నాను.

"అయ్యో. చదివి వినిపించండి."

మర్నాడే పుంగనూరు బస్సెక్కాను. బావ పాలు పితుకుతున్నాడు. చూపు పోయి ఏడాదవుతున్నా ఒక్క చుక్క బయట పడదు. పుస్తకం సంగతి చెప్పి, నేను నాలుగు తిట్లు తిట్టి, బావ కూడా తిడతాడని ఎదురుచూశాను. ఆయన చేతులు తుడుచుకుని, "సదువు" అన్నాడు. ఆరు పేజీలూ చదివాను. అయిదున్నర పేజీలు పెద్దాయన తన గురించే రాసుకున్నాడు. చివర్లో ఆవు కవిత నాలుగు పాదాలూ ఎత్తి వేశాడు. అది వినగానే బావ లేచి నిలబడ్డాడు.

"అవి అచ్చులో ఉండాయా? యాడ? నా యేలు ఆడ పెట్టప్పా."

వేలు పట్టుకుని ఆ పాదాల మీద పెట్టాను. కాగితం నున్నగా ఉంది, వేలికి ఏం తెలుస్తుంది? అయినా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తడుముతూనే ఉన్నాడు. గుమ్మంలో అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"బాగా రాసినాడప్పా పెద్దాయన" అన్నాడు బావ. "ఇంక మన పుస్తకం వేసేద్దాం. ఇదీ వెయ్యి."

ఈ మనిషి మంచితనం మీద వచ్చినంత కోపం నాకు ఆ పెద్దాయన మీద కూడా రాలేదు. కానీ కళ్ళు లేని మనిషి అడిగినది కాదనలేను. తిన్నగా మదనపల్లె ప్రెస్సుకు పోయి కవితల కట్ట బల్ల మీద పెట్టి, మొదటి పేజీలోనే ఆవు కవిత ఉండాలన్నాను. ముందుమాట ఆఖరి కవిత తరువాత వెయ్యమన్నాను.

"ముందుమాట చివర్నా? ఎవురన్నా నగుతారన్నా" అన్నాడు ప్రెస్సాయన.

"ఆయన వచ్చింది చివర్నే కదప్పా."

ఫోన్ చేసి బావకూ చెప్పాను. బావ నవ్వాడు. "ఉండనీలే. వరసలో వచ్చినోడు వచ్చినట్లు నిలబడాల్సిందే. పాలకేంద్రంలో అయినా అంతే కదా" అన్నాడు.

ఇప్పుడు ఆషాఢమే నడుస్తోంది. మిషను మీద మా బావ కవితలు తిరుగుతున్నాయి. ఆషాఢం ఏటా వస్తుంది, ప్రెస్సు ఏటా ఖాళీ అవుతుంది, ముందుమాటలు రాసేవాళ్ళకు ఎప్పుడూ బోలెడంత కాలం ఉంటుంది. మా బావ కళ్ళకే అది మిగల్లేదు.