ఖాళీ సీసా కోసం ఒక మంగళవారం

ఆషాఢం వస్తే మా ధర్మవరం ఆకాశానికి అబద్ధాలు చెప్పడం అలవాటు. పొద్దున లేచేసరికి మబ్బు కమ్ముకుని ఉంటుంది. ఊరంతా మెడలు పైకెత్తి ఇదిగో వాన, అదిగో వాన అనుకుంటుంది. పొద్దెక్కేసరికి గాలి లేచి ఆ మబ్బును ఎటో తోలుకుపోతుంది. మనకు మిగిలేది కళ్లనిండా దుమ్ము. డెబ్బైల్లో, వానలు మొహం చాటేసిన ఆ ఏళ్లలో, ఇలాంటి రోజులు ఎన్ని చూశామో లెక్కలేదు.

అలాంటి ఒక మంగళవారం పొద్దున మా నాయన చేతిసంచీలో పంచె మడిచి పెట్టుకుంటూ కనిపించాడు.

"యాడికి నాయనా?"

"తనకల్లు పక్కకు పోతా. మీ చిన్నాయన కాడికి. రేపు పొద్దున బస్సుకు."

ఎందుకో నాకు తెలుసు, ఆ దగ్గు. వయసంతా గుంత మగ్గంలో కూర్చుని పట్టుచీరలు నేసిన మనిషి. అమ్మ పోయాక నా దగ్గరికి వచ్చాడు. నడుం వాలిస్తే చాలు, దగ్గు మొదలు. మాది రెండు గదుల అద్దె ఇల్లు, గోడకు అవతల ఓనరమ్మ. ముందురోజే ఆమె ఆయన వింటుండగా అనేసింది: "ఇది క్షయ దగ్గు మాదిరి ఉండాదమ్మా. మా ఇంట్లో బిడ్డలుండారు. ముసలాయన్నన్నా యాడికైనా పంపు, లేకుంటే మీరన్నా ఇంగో ఇల్లు చూసుకోండి." క్షయ కాదని డాక్టరు పరీక్షలు చేసి మరీ చెప్పాడు. ఆమెకు డాక్టరు మీద నమ్మకం లేదు. తన చెవుల మీద మాత్రం బోలెడు నమ్మకం.

చిన్నాయన వాళ్లుండే పల్లెలో డాక్టరు ముఖం చూసినవాళ్లు లేరు. పోయినేడు చేలో వేరుశనగ ఎండిపోయి వాళ్లే గంజి తాగుతున్నారు. అక్కడికి పంపిస్తే మళ్లీ నాయనను చూస్తానన్న ధైర్యం నాకు లేదు.

"ఈ పొద్దు ఆస్పత్రి మిక్చరు తెస్తా. దగ్గు తగ్గితే ఉంటావు గదా?"

"తగ్గితే యాల పోతా?" అన్నాడు. సంచీ మాత్రం పక్కనే పెట్టుకున్నాడు.

నేనప్పుడు పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాను. మా హెడ్ క్లర్కుకు క్రమశిక్షణ అంటే ప్రాణం, ముఖ్యంగా పక్కవాళ్ల క్రమశిక్షణ. ఆయన కాఫీ తాగి, పేపరు చదివి, తల దువ్వుకుని, మళ్లీ కాఫీ తాగేదాకా ఆగి, ఒక గంట పర్మిషన్ అడిగాను.

"ఏమ్మా, జనం కరువుతో సస్తాంటే నీకు పర్మిషన్ గావాల్నా? ఈ పొద్దు పెద్దాఫీసరు జీపు వస్తాది."

ఆ జీపు కూడా మా వానలాంటిదే. వారం రోజులుగా వస్తూనే ఉంది. కరువుతో చస్తున్న జనం కోసం ఆ ఆఫీసులో ఆ పూట జరిగిన పని ఏమిటంటే, ఆఫీసరు కూర్చోబోయే కుర్చీ మీద కొత్త తువ్వాలు పరచడం.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయకుండా ఆస్పత్రికి పరుగెత్తాను. మందులిచ్చే కిటికీ ముందు లైను ఆవరణ దాటి ఉంది. కిటికీ మూసే వేళకు నా వంతు వచ్చింది. చీటీ లోపలికిచ్చాను. కాంపౌండరు తలెత్తకుండానే, "సీసా?" అన్నాడు.

"ఏం సీసా?"

అప్పుడు తలెత్తాడు. ఇంత తెలివితక్కువ మనిషిని చూడకుండా వదలడం ఎందుకని కాబోలు.

"సీసా తెచ్చుకోకుంటే మిక్చరు దోసిట్లో పొయ్యాల్నా తల్లీ? ఇంటిదాంక కారకుండా పట్టుకపోతావా?"

లైనంతా నవ్వింది. నా వెనకామె తన సీసాను కొంగు కింద దాచుకుంది, లాక్కుంటానేమో అని. మిక్చరు సర్కారుది, సీసా మనది. ఆ సంగతి ఊళ్లో కోడిపిల్లకు కూడా తెలుసు, సర్కారు జీతం తినే నాకు తప్ప. నాయనకు ఇన్నాళ్లూ బిళ్లలే రాసేవాళ్లు, మిక్చరు రాయడం అదే మొదలు. ఇంట్లో ఉన్నది ఒకే సీసా, దాన్నిండా కిరసనాయిలు.

"సాయంత్రం తెరుస్తా, రా" అని కిటికీ మూసేశాడు.

ఆస్పత్రి గేటు దగ్గర ఒక ముసలమ్మ ఖాళీ సీసాలు అమ్మేది. ఆమె చోటు ఖాళీగా ఉంది. బత్తలపల్లె రోడ్డు మీద కరువు పని పెట్టారట, కంకర కొట్టడానికి పోయిందట. ఎదురుగా మందుల షాపు కనబడితే అందులోకి పోయాను.

"అన్నా, ఒక ఖాళీ సీసా ఇస్తావా?"

"ఖాళీ సీసాలు అమ్మేకి నేనేమన్నా పాతసామాన్లోణ్ణా? టానిక్కు కొను. తాగెయ్. సీసా మిగుల్తాది."

"నాకేం జబ్బు లేదప్పా!"

"లేకుంటే ఏమి, బలానికి."

నా ముఖం చూస్తే బలం చాలనట్టు కనబడిందేమో గానీ, ఆ నిమిషాన ఆ షాపు అద్దాలన్నీ పగలగొట్టేంత బలం నాలో ఉంది. పళ్లు కొరుక్కుంటూ ఆఫీసుకు తిరిగొచ్చాను. వరండాలో బంట్రోతు బీడీ ఆర్పి, ఏమైందమ్మా అన్నాడు. చెబుతుంటే ఏడుపొచ్చింది. సీసా కోసం ఏడ్చిన ఆడది ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"ఓస్, సీసాకేనా? రామ్మా."

నేరుగా హెడ్ క్లర్కు బీరువా తెరిచాడు. ముందు వరసలో కరువు ఫైళ్లు, వాటి వెనక బుద్ధిగా నిలబడ్డ ఖాళీ బ్రాందీ సీసాలు.

"నెలకోతూరి నేనే తీసకపోయి అమ్ముకుంటా. ఈ నెల ఇంగా పోలేదు."

అందులో శుభ్రంగా ఉన్నదొకటి తీసుకుని నేరుగా హెడ్ క్లర్కు బల్ల ముందుకు పోయాను. భయం ఎటు పోయిందో నాకే తెలియదు.

"సార్, మీ బీరువాలో ఇది దొరికింది. మా నాయనకు మిక్చరు పోయించుకునేకి కావాల. చెప్పకుండా తీసకపోతే క్రమశిక్షణ కాదు గదా."

టైపు మిషన్లు టక్కున ఆగిపోయాయి. ఆయన సీసాను చూశాడు, నన్ను చూశాడు, ఆఖరికి గోడమీద గాంధీగారిని కూడా చూశాడు.

"పోమ్మా, పో. కన్న తండ్రి కన్నా ఆఫీసు ఎక్కువా?"

"జీపొస్తే సార్?"

"నేను చూసుకుంటాలేమ్మా!"

టీ అంగడిలో చింతపండు, బూడిద అడుక్కుని సీసా తోమాను. నీళ్ల కరువులో ఈ సోకేమిటని అంగడివాడు సణుగుతూనే చెంబుతో పోశాడు. ఎంత తోమినా వాసన వదల్లేదు. సాయంత్రం కిటికీ తెరిచాక కాంపౌండరు మూత తీసి, ఒకసారి పీల్చి, కళ్లు చిట్లించి, "మంచి సరుకే" అన్నాడు. ఎర్రటి మిక్చరు పోశాడు. గాట్లు కత్తిరించిన కాగితం పట్టీ సీసాకు అంటించి, పూటకొక గాటు దాకా తాగాలన్నాడు.

ఇంటికి వస్తే వాకిట్లోనే ఓనరమ్మ.

"అయ్యో రామ, ఇదొకటి మొదలైందా మీ ఇంట్లో?"

నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి నాయన అందుకున్నాడు. "నాకేలేమ్మా! ముసలితనంలో సోకు పుట్టింది. నీకూ ఒక మూత పొయ్యమందునా?"

ఆమె తలుపు వేసుకుంది. నాయన ఒక గాటు తాగి, ముఖం వికారంగా పెట్టి, "బలే ఉండాది" అన్నాడు. బీరువా కథ చెబితే నవ్వి నవ్వి దగ్గి, దగ్గి మళ్లీ నవ్వాడు. "నా మిక్చరుకు ఇంత రామాయణమా? ఇంగ ఆ లైన్లోకి పోవాకు నువ్వు."

ఆ రాత్రి మా ఇంట్లో దగ్గు వినపడలేదు. నేనూ ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

తెల్లారి లేచేసరికి సంచీ ఖాళీగా గోడ వంకెకు వేలాడుతోంది, పంచె దండెం మీద ఉంది. బస్సు వేళ దాటిపోయింది. వాకిట్లో నాయన ఓనరమ్మతో మాట్లాడుతున్నాడు. "గట్టి మందమ్మా. పండుకుంటే తెల్లారినాకనే లేసినా." ఆమె మెత్తబడింది. "మా ఆయనక్కూడా తెప్పియ్యల్లప్పా అట్లయితే" అంటోంది. సర్కారు మిక్చరుకు చేతులెత్తి మొక్కాలనిపించింది నాకు.

ఆ సంతోషంలోనే ఆయన పడక ఎత్తబోయాను. దిండు కింద ఆయన తువ్వాలు ఉండచుట్టి ఉంది. విప్పితే ఇంకా తడిగానే ఉంది. నడిమధ్యన నూలు చిట్లి, పళ్ల గుర్తులు వరసగా పడి ఉన్నాయి.

బయట నాయన ఇంకా ఆ మందును పొగుడుతూనే ఉన్నాడు. ఆ తువ్వాలు ఉతికి, పెరట్లో ఆరేసి, సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే మడిచి మళ్లీ ఆయన దిండు కిందే పెట్టాను.