మాచర్ల దాకా, బావ కారు బుష్‌ల కోసం

మాచర్ల లైనులో ఇంకా మీటరుగేజి బండే నడుస్తున్న ఎనభైల నాటి మాట. సత్తెనపల్లిలో పొద్దున ఆరింటికి టిక్కెట్టు కొని ప్యాసింజరు ఎక్కాను. సంచిలో స్పానర్లు, గుంటూరులో కొట్టు కొట్టూ తిరిగి సైజు చూసి కొన్న రబ్బరు బుష్‌లు. కడుపులో కుళ్ళు.

ఆ కారును ముందు చూసింది నేను. హైదరాబాదులో ఒక పెద్దాయన షెడ్డులో, టార్పాలిన్ కింద, రెండు సీట్ల పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు. ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా దాచుకున్నవాణ్ణి, ఒక పెళ్ళి పంక్తిలో మా అక్క మొగుడు కోటయ్య బావ దగ్గర నోరు జారాను. బావకు మాచర్లలో బండల క్వారీ ఉంది. వారం తిరక్కుండా కారు వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. ఇప్పుడేమో వెనకవైపు టకటకమంటోందని ఉత్తరం రాశాడు. "నీ వల్ల కూడా కాకపోతే నాకొద్దు, నువ్వే తీసుకుపో" అని చివర్లో ఒక ముక్క. దారంతా ఆ ముక్కే నమిలాను.

పిడుగురాళ్ళలో ఎనిమిది దాటింది. ఇడ్లీ తింటుంటే, మిరపకాయల బస్తా మీద కూర్చున్న ముసలమ్మ ముక్కు మూసుకుంది.

"ఏంది నాయనా, రబ్బరు కంపు?"

"కారు సామాను."

"కారుందా నీకు!"

"మా బావది" అన్నాను. ఆమె తెగ మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

మాచర్లలో దిగేసరికి పదిన్నర. బావ మనుషులు కారు వెనక భాగాన్ని అప్పటికే నాపరాళ్ళ దొంతుల మీదికి ఎత్తి ఉంచారు. కిందికి దూరి చూశాను. కుదుపులు ఆపే కమాను పట్టీల చివర్లలో బోల్టుల చుట్టూ ఉండే బుష్‌లు నూనె తాగి, ఉబ్బి, చితికిపోయి ఉన్నాయి. నూనె ఎవరు పోశారని అడిగితే, బావ దగ్గర ఎడ్లబండి తోలే బసవయ్య ముందుకొచ్చాడు.

"నేనే బాబూ. ఇరుసుకి కందెన పెట్టకపోతే ఎట్టా? వారం వారం ఇంజనాయిలు పోస్తన్నా."

రబ్బరుకు నూనె విషమని చెబితే పాపం నొచ్చుకున్నాడు.

బాగుకాదని ఒక్క మాట అంటే కారు నాది. కానీ పని చిన్నదని బసవయ్యకు కూడా తెలిసిపోయింది. అందుకని ఇంకో దారి తొక్కాను. పాతవి కొట్టి తీసి, సబ్బునీళ్ళతో కొత్తవి దూర్చి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులు బిగించేశాను. కారు నేలకు దిగి బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి కొన్ని నెలల్లో చిరుగుతుంది. అప్పుడు బావ విసిగి కారు నాకిస్తాడు. ఇదంతా తెలిసే చేశాను.

అక్క గోంగూర పచ్చడితో అన్నం పెట్టింది. మూడింటి బండికి బావే కారులో స్టేషనుకు తెచ్చాడు. చప్పుడు లేదు. టీకొట్టు దగ్గర ఆపి అందరినీ పిలిచాడు.

"మా బామ్మర్ది చేతిపని! గుంటూరు జిల్లా మొత్తం వెతికినా ఇట్టాంటోడు దొరకడు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సంచిలోంచి స్పానరు తీసి, ఉతికిన చొక్కాతోనే కారు కింద పడుకున్నాను.

"ఏందిరా, మళ్ళీ?"

"బరువు మీద బిగించడం మర్చిపోయా బావా. వెనక డిక్కీ మీద కూర్చుని అదుము."

బోల్టులన్నీ వదులు చేసి మళ్ళీ బిగించేలోపు బండి కూతపెట్టి వెళ్ళిపోయింది. లేచి దుమ్ము దులుపుకుంటుంటే బావ నా మొహంలోకి చూశాడు.

"నువ్వు మర్చిపోయే రకం కాదురా" అన్నాడు మెల్లగా. తాళం నా చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాడు. "పద, సత్తెనపల్లి దాకా నువ్వే తోలు."

గురజాల, పిడుగురాళ్ళ మీదుగా వచ్చాం. ఆరున్నరకు మా ఇంటి ముందు దిగి తాళం తిరిగిచ్చాను. ఈ ప్రయాణంలో నేను మంచివాణ్ణయిపోయానని చెప్పను. బావ కారు మలుపు తిప్పుకుని పోతుంటే, ఒక్క టకటక అయినా వినపడుతుందేమోనని చెవులు రిక్కించాను. వినపడలేదు. నా పనితనం మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు.