మారెక్క పలక మీద గీత

ఒక గీతను చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. అది పొరపాటున పడిందని అందరూ నమ్మారు. నేను నమ్మించాను. మొన్న ఒక ప్రదర్శన వాళ్ళు, నా అచ్చు బొమ్మల్లో మాటలెందుకు వాడతానో ఒక పేజీ రాసివ్వమన్నారు. రాశాను, బాగానే వచ్చింది. అందులో రాయనిది మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

బళ్ళారిలో బొమ్మల కోర్సు చదివే రోజుల్లో నాతో ఒకమ్మాయి ఉండేది. మారెక్క అందాం, అసలు పేరు అది కాదు. సిరుగుప్ప వైపు వరి నాట్ల పని మానుకొని బళ్ళారికి వచ్చిన కుటుంబం. వాళ్ళమ్మ జీన్స్ ఉతికే యూనిట్‌లో పనిచేసేది. నీలిరంగు ఆవిడ చేతులకు పట్టి వదిలేది కాదు. చిన్నప్పుడు ఆ చేత్తో కలిపిన ముద్ద తినడానికి మారెక్క మొరాయించేదట. అప్పుడు వాళ్ళమ్మ అనే మాటనే ఆమె రబ్బరులా మెత్తగా ఉండే లినో అచ్చు పలక మీద చెక్కింది: "చేతులు చూడగాకు, నోరు తెరువు." అంతే. కాగితం నిండా అవే అక్షరాలు, వంకరటింకరగా, నీలంలో.

మొదటి ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, తీసి తీగ మీద ఆరేస్తే క్లాసంతా దాని ముందు నిలబడింది. ఆఫీసు గుమాస్తా కూడా వచ్చి, చదివి, కాసేపు అక్కడే ఉండి వెళ్ళాడు. పక్క తీగ మీద నా బొమ్మ ఉంది. కూరెకుప్ప గనుల దుమ్ము గురించి చేశాను. ఆ ఊరిని బస్సు కిటికీలోంచి తప్ప చూసిందీ లేదు. దాని మీద 'అస్తిత్వం', 'విధ్వంసం' అని పెద్దపెద్ద అక్షరాలు. గోడల నిండా బైబిలు వాక్యాలు రాసి ఉన్న ఇంట్లో పెరిగినదాన్ని, చర్చిలో తడబడకుండా బైబిలు చదివి మెప్పు పొందినదాన్ని, మాటలంటే నా సొత్తే అనుకునేదాన్ని. నా మాటలు ఒక్కరూ చదవలేదు. కడుపు మండిపోయింది. దానికి ఇంకో పేరు వెతకను, అసూయే. వాళ్ళమ్మ మాటను అలా తెచ్చి పెట్టేసింది, అంతే కదా? అది నాకెందుకు తట్టలేదు? మా అమ్మ మాత్రం రోజంతా మాట్లాడలేదా?

బెంగళూరు ప్రదర్శనకు ఆమె బొమ్మనే ఎంచుకున్నారు. ప్రూఫ్ మీద రంగు సరిగా పట్టలేదు, మంచి కాపీలు తీసి పంపమన్నారు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కావలసిన కాపీలన్నీ తీసేశాక, ఇంకెవరూ అచ్చు వేయకుండా పలక మీద మూల నుంచి మూలకు ఉలితో గీత లాగుతాం. పలక కొట్టేయడం అంటాం. సీనియర్ల పాత పలకలు కొట్టేసే పని మాకు అచ్చు నేర్పే సార్ నాకు అప్పగించారు. మారెక్క పలక కిటికీ దగ్గర ఉంది, కాపీలు మర్నాడు తీయాలి. గదిలో ఎవరూ లేరు. దాన్ని తెచ్చి సీనియర్ల పలకల మధ్యలో పెట్టాను. పైన పెట్టలేదు, అడుగున పెట్టలేదు, మధ్యలో. వరసగా గీసుకుంటూ వచ్చాను. దాని వంతు వచ్చినప్పుడు చెయ్యి ఆగిందా అని ఎన్నోసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఆగలేదు.

మర్నాడు గీత బయటపడితే, పొరపాటున పాత పలకల్లో కలిసిపోయిందన్నాను. సార్ నలుగురిలో తిట్టారు. ఏడ్చాను. అది దొంగ ఏడుపు కూడా కాదు. మారెక్క వచ్చి పక్కన కూర్చుంది.

"ఏడ్వగాకు మే," అంది. "నువ్వేమన్నా కావాలని చేసినావా?"

"లేదు," అన్నాను.

"మరింకేంది? పరవాగిల్ల, ఇడ్సిపెట్టు. మళ్ళా చెక్కుతా."

చెక్కింది. సగంలో ఉలి పక్కన పెట్టేసింది. "అక్షరాలు వస్తాండాయి గానీ మా యమ్మ మాట్లాడ్డం ల్యాదు," అంది. ఆమె స్థానంలో నా బొమ్మ బెంగళూరు వెళ్ళింది. నాకు తోడుగా వచ్చి, అక్కడ గోడకు తగిలించేటప్పుడు రెండో కొస పట్టుకున్నది ఆమే. నాకు ఆ రోజు సంతోషంగానే ఉంది. సిగ్గు తర్వాత వచ్చింది, చాలా నిదానంగా.

ఆ తర్వాత ఆమె బొమ్మలు చేయలేదు. ఇప్పుడు ఫ్లెక్స్ బ్యానర్ల షాపులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. నేను ఆర్టిస్టుని. నా బొమ్మల్లో ఇప్పుడు అస్తిత్వాలూ విధ్వంసాలూ లేవు, ఆటోలో విన్న మాటలు, కూరగాయల బేరాలు, మా అమ్మ సణుగుళ్ళు ఉన్నాయి. ఇంత మామూలు మాటలు వాడటం ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతారు. ఆ పేజీలో 'మా ఇంట్లోనే' అని రాసిచ్చాను.

ఆమెకు చెప్పేయొచ్చు కదా అంటారు. చెబితే క్షమిస్తుంది, నాకు తెలుసు. అందుకే చెప్పలేకపోతున్నానా? అందులో కూడా ఆమే నాకంటే పైన నిలబడుతుందనా?

మొన్న ఆ షాపు ముందు నుంచి వెళ్తూ లోపలికి తొంగి చూశాను, మళ్ళీ ఏమన్నా చెక్కుతోందేమోనని. లేదు, ఎవరిదో పుట్టినరోజు బ్యానర్‌కు రంగులు సరిచేస్తోంది. నా ప్రాణం కుదుటపడింది. ఇది గీత కంటే పెద్ద తప్పేమో. ఇదీ చెప్పేశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.