మేడమ్ మెడలోని బంగారం ఎక్కడిదంటే

కాలేజీ మేడమ్ పోయిందన్న కబురు నాకు లింగంపల్లి నుంచి వచ్చే షేర్ ఆటోలో తెలిసింది. కోడలి ఫోన్ మోగింది. విని, "అత్తా, నీళ్ల మేడమ్ ఇగ లేదట. పొద్దున దవాఖానల పోయిందట," అంది. నానక్‌రామ్‌గూడలో దిగాను. ఇంటికి వచ్చి కొడవలి పట్టుకుని గడ్డికి పోయాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నాకు చదువు లేదు, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. పోయిన మనిషి మీద ఒక మాట మిగిలిపోయింది. అది అబద్ధమని నలుగురూ చదవాలి.

మేడమ్ బాచుపల్లిలో ఉండేది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. మా ఇంటి వెనక అద్దాల మేడల నడుమ ఒక కుంట మిగిలింది. దాని నీళ్లు సీసాల్లో పట్టుకుపోవడానికి వచ్చేది. ఇప్పుడు ఆ కుంటకు దారి ఒక అపార్ట్‌మెంట్ గేటులోంచే. కట్ట మీద గడ్డి కోసుకునే నన్ను ఎవరూ ఆపరు. ఆమె నా వెంట వచ్చేది.

మొదటిసారి "మామ్మగారూ" అని పిలిచింది.

"మామ్మ ఏంది? అవ్వ అను."

"సరేనండి, అవ్వగారూ."

"అవ్వకు గారు గూడ తగిలిస్తివా! ఏ దిక్కు బిడ్డా నీది?"

"గోదావరి వైపండి," అంటూనే మా గడపలో కూర్చుని గాజులు తీసింది, ఉంగరం తీసింది, కమ్మలు తీసింది. చివరికి మెడలోని పుస్తెల గొలుసూ తీసి, అన్నీ రుమాలులో కట్టి నా చేతిలో పెట్టింది.

"పుస్తెలు గూడనా?"

"నేను వెతికేది నీళ్లలోని బంగారం, వెండేనండి. నా ఒంటి మీది నుంచి కంటికి కనపడనంత రాలినా నా లెక్క తప్పుతుంది."

"కారుల పెట్టుకోరాదు?"

"కారు అద్దమైతే ఎవడైనా పగలగొడతాడు. మీ కొంగు జోలికి ఎవడొస్తాడండి?"

ఆ మూట కొంగుకు ముడేసి నడుములో దోపుకున్నాను. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. నన్ను మాత్రం నీళ్లలోకి దిగనిచ్చేది కాదు. నా కాళ్లకు వెండి కడియాలు. "మీరు దిగారంటే కుంటలో వెండి గని ఉందని నేను రాసేస్తానండి," అనేది.

చేతులకు తొడుగులు వేసుకుని, సీసాను అదే నీళ్లతో కడిగి కడిగి నింపేది. వేలు లోపలికి తగిలిందా, ఆ సీసా పక్కన పెట్టేసేది. ఆ నీళ్లు పాలు పోయని చాయ్ రంగు. తుంగ, ఆకులు, గడ్డి కుళ్లితే ఆ రంగు దిగుతుందట. రోడ్ల మీది కార్ల పొగలోంచి, మోరీ కాలువల్లోంచి రవ్వంత వెండి, బంగారం, ఇంకేవో ఖరీదైన లోహాలు వాననీటితో కుంటకు చేరతాయట. ఆ ఆకురసం వాటిని పట్టుకుంటుంది. వెండి ఒంటరిగా తిరిగితే చేప మొప్పల్లో చేరి చంపుతుంది, ఆకురసం పట్టుకుంటే దాని విషం తగ్గుతుంది. ఎండ తగిలితే ఆ రసమే వెండిని సన్నని గుండగా మారుస్తుంది. ఏది ఎంత పట్టుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది, అదే ఆమె పని. "నీళ్లు వాటంతటవి చెప్పవండి, ఓపికగా అడగాలి," అనేది.

"కుంటల మొత్తం ఎంత బంగారం ఉంటది బిడ్డా?"

"కుంటంతా ఎండగట్టినా మీ ముక్కుపుడక అవదండి."

సీసాలు నింపాక కట్ట మీదే నగలు మళ్లీ వేసుకునేది. ఫ్లాస్కులో తెచ్చిన చాయ్ ముందు నాకు పోసేది.

అక్కడే వచ్చింది తంటా. గేటు దగ్గర కెమెరా ఉంది. అందులో ఆమె బోడి మెడతో లోపలికి పోతుంది, గొలుసుతో బయటికి వస్తుంది. ఎవరు చూశారో, ఎవరికి చెప్పారో. కుంటలో బంగారం తీస్తోందన్నారు. కొందరు పారలతో వచ్చి కట్ట తవ్వారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ సారు గేటు దగ్గర ఆమెను ఆపేశాడు.

"ఆ నగలు నా కొంగులనే ఉంటయి సారూ!" అని అరిచాను.

ఆయన నా చీర వంక చూశాడు. "అంత బంగారం నీ దగ్గర దాచుకుంటారా అమ్మా? నమ్మేలా చెప్పు," అన్నాడు.

మురికి కుంటలోంచి గొలుసు తేలుతుందంటే నమ్మారు. గడ్డి కోసే ముసలిదాన్ని ఒక చదువుకున్న మనిషి నమ్మిందంటే నమ్మలేదు. మేడమ్ వాదించలేదు. "నీళ్లలో బంగారం ఉందన్నది నిజమే కదండీ," అని నవ్వి కారెక్కింది. ఆ తర్వాత జబ్బుపడిందని తెలిసింది. ఒకసారి ఫోన్‌లో, "వానాకాలం నీళ్లు పట్టడం మిగిలిపోయిందండి అవ్వగారూ," అంది. అదే ఆఖరు మాట.

దినాలు అయ్యాక మేడమ్ చెల్లెలు వచ్చింది. కాలేజీలో ఇంకో మేడమ్ ఆ నీళ్లు పరీక్ష చేస్తానందట, ఖాళీ సీసాలు తెచ్చింది. మా గడపలో కూర్చుని గాజులు తీయబోతే చేయి పట్టి ఆపాను. గేటు దగ్గరికి తీసుకుపోయి, "సారును పిలువు," అన్నాను వాచ్‌మన్‌తో. సెక్రటరీ సారు వచ్చాడు.

"ఇగ తీయి బిడ్డా. ఒక్కొక్కటి తీయి. కెమెరా దిక్కు చూపి నాకియ్యి."

ఆ పిల్ల గొలుసు తీసింది, కమ్మలు తీసింది, గాజులు తీసింది. నేను అందరి ముందూ కొంగుకు ముడేశాను. సారు గేటు తీయమని వాచ్‌మన్‌కు చేత్తో చెప్పాడు. మేము పోయి, సీసాలు నింపి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాడు.

తిరిగి వచ్చి కెమెరా కిందే ముడి విప్పాను. గొలుసు వేసుకుంది. గాజు తొడుగుతుంటే మెటికల దగ్గర ఆగిపోయింది. వెనక క్యాబులు హారన్ కొడుతున్నాయి. సారు చేయి అడ్డం పెట్టి వాటిని ఆపాడు. గాజు ఎక్కేదాకా నేను ఆ తడి చేయి పట్టుకునే నిలబడ్డాను.